మృతుల కోసం బాప్తిస్మమా? మోర్మన్ల బోధను తెలుసుకుందాం

చదువుకో పనికో హైదరాబాదు, విశాఖపట్నం వెళ్ళిన మన పిల్లలు సెలవులకు కొండకు వచ్చినప్పుడు ఒక ప్రశ్న వెంట తెస్తున్నారు. తెల్ల చొక్కా, టై, జేబు మీద నల్ల పేరు బిళ్ళ పెట్టుకొని ఇద్దరిద్దరుగా తిరిగే యువకులు తమను కలిశారట. ఎంతో మర్యాదగా మాట్లాడారట. ఆ బిళ్ళ మీద యేసుక్రీస్తు పేరే పెద్దగా కనిపించిందట. "వాళ్ళూ మనవాళ్ళేనా అయ్యగారూ?" అన్నది ప్రశ్న.

వాళ్ళు మోర్మన్లు. తమను అలా పిలవవద్దని, యేసుక్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘము అనే పూర్తి పేరే వాడమని 2018లో వారి అధ్యక్షుడు రస్సెల్ నెల్సన్ గట్టిగా కోరారు. పాత పేరే జనం నోట నిలిచింది గనుక మేమూ వాడుతున్నాం, అవమానించడానికి కాదు. వాళ్ళు పదిమందిని పెళ్ళాడతారని చెప్పి నవ్వించి పంపే బోధకులు కొందరున్నారు. బహుభార్యత్వాన్ని ఆ సంఘం 1890లోనే అధికారికంగా మానుకుంది. ఇప్పుడు ఎవరైనా అలా చేస్తే వెలివేస్తుంది. పొరుగువాని మీద అబద్ధ సాక్ష్యం పలకకూడదన్న ఆజ్ఞ మోర్మన్ పొరుగువానికి కూడా వర్తిస్తుంది.

వారి కథ అమెరికాలో మొదలవుతుంది. 1820లో, పద్నాలుగేళ్ళ వయసులో, జోసెఫ్ స్మిత్ అనే రైతు బిడ్డ ఏ సంఘంలో చేరాలో తెలియక అడవిలో ప్రార్థించాడు. తండ్రియు కుమారుడు ఇద్దరు వేర్వేరు వ్యక్తులుగా కనబడి, ఏ సంఘంలోనూ చేరవద్దన్నారని అతని సాక్ష్యం. తర్వాత మొరోనై అనే దూత చూపిన బంగారు రేకుల నుండి అనువదించానంటూ 1830లో మోర్మన్ గ్రంథము అచ్చువేశాడు. క్రీస్తుకు ఆరు వందల ఏళ్ళ ముందు యెరూషలేము నుండి అమెరికాకు వెళ్ళిన ఒక కుటుంబపు సంతతి చరిత్ర అది. పునరుత్థానుడైన ప్రభువు వారి మధ్యకు వెళ్ళి బోధించాడని అందులో ఉంది. అదే ఏడు ఏప్రిల్ 6న సంఘం ఏర్పడింది. 1844లో జైలులో ఉండగా ఒక గుంపు అతన్ని కాల్చి చంపింది. అనుచరులు బ్రిగమ్ యంగ్ వెంట 1847లో సాల్ట్ లేక్ లోయకు చేరారు.

ఇది మనకు దూరపు కథ కాదు. సమోవాలో ఆ విశ్వాసంలో చేరిన ధర్మరాజు దంపతులు 1978 డిసెంబరులో తమ సొంత ఊరు హైదరాబాదు వచ్చి, బంధువుల్లో ఇరవై రెండు మందికి బాప్తిస్మమిప్పించారు. భార్య ఎల్సీగారి తండ్రి బాప్టిస్టు బోధకుడు. మోర్మన్ గ్రంథాన్ని తెలుగు చేసే పని ఆయన చేతికే వెళ్ళింది. 2012లో భారతదేశంలో వారి తొలి 'స్టేకు', అంటే కొన్ని సంఘాల కూటమి, హైదరాబాదులోనే ఏర్పడింది. బెంగళూరులో దేవాలయం కడతామని 2018లో ప్రకటించారు. బయటివారిని ఒప్పించడం కన్నా సంఘాల్లో పెరిగినవారిని ఒప్పించడం వాళ్ళకు సులువైన దారి అని ఈ చరిత్ర చూస్తే తెలుస్తుంది.

మరి భేదం ఎక్కడ? మొదటిది దేవుని గూర్చి. తండ్రికి మాంసము, ఎముకలు గల శరీరముందని వారి బోధ. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురు వేర్వేరు వ్యక్తులు, ఉద్దేశంలో మాత్రమే ఒకటి. 325లో నీకయలో సంఘం ఒప్పుకున్న విశ్వాస ప్రమాణాన్ని వారు అంగీకరించరు. మనమందరం పుట్టకముందే పరలోక తల్లిదండ్రుల ఆత్మ సంతానంగా జీవించామని, విధేయులైనవారు చివరికి దేవునివంటివారు కాగలరని నమ్ముతారు. యెషయా 43:10 చదివిన మనకు ఈ మాట మింగుడుపడదు. పడకూడదు కూడా. బైబిలును దేవుని వాక్యమే అంటారు గాని, అనువాదం సరిగ్గా ఉన్నంతవరకే అంటారు. దాని పక్కన మరి మూడు గ్రంథాలు పెడతారు.

మద్యం, పొగాకు, టీ, కాఫీ ముట్టరు. జీలుగు కల్లు, నాటుసారా ఇళ్ళను కూల్చడం చూసే మనం మొదటి రెండింటికి వారిని మెచ్చుకోవాలి. కాఫీ సంగతి అరకు రైతు దగ్గర ఎత్తకపోవడమే మంచిది.

అయితే సీతంపేట కొండల్లో మమ్మల్ని ఆలోచింపజేసేది ఇవేవీ కావు. మృతుల విషయం. సువార్త వినకుండా చనిపోయినవారి పేరున, బతికున్నవారు దేవాలయంలో బాప్తిస్మం తీసుకోవచ్చని మోర్మన్ల బోధ. ఆ మృతుడు ఆత్మలోకంలో దాన్ని అంగీకరించవచ్చు, నిరాకరించవచ్చు, బలవంతమేమీ లేదని కూడా చెబుతారు. వంశవృక్షాల కోసం వాళ్ళు ప్రపంచమంతా పాత రికార్డులు సేకరించేది ఇందుకే. నాజీలు చంపిన యూదుల పేర్లు కూడా ఇలా చేర్చినప్పుడు యూదులు నొచ్చుకున్నారు. 1995లో ఒప్పందం చేసుకోవలసి వచ్చింది.

ఈ బోధ సవర విశ్వాసి చెవిన పడితే ఏమవుతుందో ఆలోచించండి. పాత ఆచారంలో చనిపోయినవారు ఇల్లు విడిచిపోరు. పూజారి నోట మాట్లాడతారు, అలుగుతారు, ఏడుస్తారు. వారికోసం రాయి నాటి దున్నను బలిస్తారు. 1970ల నుండి ఒడిశా వైపు సవరల మధ్య గడిపిన పియర్స్ విటెబ్‌స్కీ అనే పండితుడు, క్రైస్తవులైన తరం మృతులతో మాట మానేశాక మిగిలిన మౌనాన్ని గూర్చి ఒక పుస్తకమే రాశాడు. మన సంఘాల్లో అధికభాగం మొదటి, రెండవ తరం. వాళ్ళ తాతమ్మలకు సువార్త చెప్పడానికి కొండ ఎక్కినవారే లేరు. "మా అమ్మమ్మ ఎక్కడుంది?" అని అడిగే బిడ్డకు కొన్ని వేదికల మీద దొరికేది నరకాగ్ని వర్ణన, లేదా విననట్టు దాటవేత. అటువంటి బిడ్డకు, నీ అమ్మమ్మ కోసం నీవు చేయగలిగినది ఒకటుందని ఎవరైనా మెల్లగా చెబితే, ఆమె వెళ్తుంది. ఆమెను తప్పుపట్టడానికి మాకు నోరు రాదు.

కాని ఆ ఆశకు వాక్యంలో ఆధారం లేదు. వారు చూపేది 1 కొరింథీయులకు 15:29. పౌలు అక్కడ పునరుత్థానాన్ని రుజువు చేస్తూ, కొందరు చేసే పనిని ఎత్తి చూపుతున్నాడు. "మనము" అనలేదు, చేయమని ఆజ్ఞాపించనూ లేదు. అపొస్తలుల కార్యములలో ఎవరూ చనిపోయిన తండ్రి పేరున నీళ్ళలోకి దిగలేదు. మృతుల భారం మనుమల భుజాన మోపడం, పేరు మారిన పాత బాధ్యతే. అబ్రాహాము సొదొమ గూర్చి బతిమాలుతూ సర్వలోకానికి తీర్పరి న్యాయమే చేస్తాడన్న దాని మీద నిలబడ్డాడు. అమ్మమ్మ ఆ న్యాయాధిపతి చేతిలో ఉంది, మన చేతిలో లేదు. ఈ మాట ఆ బిడ్డ పక్కన కూర్చొని, కన్నీళ్ళు తుడుస్తూ చెప్పాలి గాని మైకులో అరిచి కాదు.

ఇక సంఘ పెద్దలకు ఒక మాట. వారి నుండి మన దగ్గరకు వచ్చేవారి బాప్తిస్మాన్ని లెక్కలోకి తీసుకోవాలా? తండ్రి కుమార పరిశుద్ధాత్మల నామమున అనే మాటలు ఒకటే అయినా, వాటి వెనుక ఉన్న నమ్మకం వేరని రోమన్ కథోలిక సంఘం 2001లో కాదని తేల్చింది. మన బాప్తిస్మాన్ని వారూ ఒప్పుకోరు, మళ్ళీ ఇస్తారు. సంబంధాలు కుదిరి, లగ్నపత్రిక అచ్చయ్యాక ఈ ప్రశ్న వస్తే రెండు కుటుంబాలూ నలిగిపోతాయి. పాస్టర్ల కూడికలో ముందే దీన్ని చర్చించి, తీర్మానాన్ని సంఘ పుస్తకంలో రాసిపెట్టుకోవాలని, రాసినది పెళ్ళీడు పిల్లలున్న ఇళ్ళకు వివరంగా చెప్పాలని మా మనవి.