తగ్గింది నేరమా, కేసా?

ఏటా డిసెంబరు ఆఖరుకు పోలీసు అధికారులు ఏడాది లెక్క చదువుతారు. హత్యలు ఇన్ని, దొంగతనాలు ఇన్ని, అట్రాసిటీ కేసులు ఇన్ని. తెల్లారి 'నేరాలు తగ్గుముఖం' అని పేపర్లో వస్తుంది. మన వాడల్లో అడిగే ప్రశ్న ఒక్కటే: ఎవరికి తగ్గినయి?

అంకె అబద్ధమని మేము అనడం లేదు. అది దేన్ని లెక్కబెట్టిందో అడగమంటున్నాం. హాజరుపట్టీలో గైర్హాజరు రాయకుంటే పిల్లలంతా బడికి వచ్చినట్టేనా? బాయిలో దెబ్బ తాకిన కాంట్రాక్టు కూలీ పేరు రిజిస్టర్ల ఎక్కకుంటే దెబ్బ తాకనట్టేనా? ఠాణా లెక్కా అంతే. అది జరిగిన నేరాల లెక్క కాదు, రాసుకున్న కేసుల లెక్క.

దెబ్బ తిన్నోడు ఠాణా మెట్టెక్కకుండా రేపటి కైకిలి అడ్డం పడ్తది. ఎక్కినా పెద్దమనుషులు రాజీకి గుంజుకొస్తరు. రాజీ అయిన దెబ్బ ఏ లెక్కలోకీ రాదు. కులదూషణ వదిలేసి ఉత్త కొట్లాట అని రాస్తే అట్రాసిటీ పట్టికలో ఒకటి తగ్గుతుంది.

అంకెల పోలికలోనూ చిక్కుంది. ఒక ఊళ్లో పోయినేడు రెండు కేసులు, ఈ ఏడు ఒకటి అనుకుందాం. 'సగానికి సగం తగ్గింది' అంటారు. ఒక్క కేసు తేడాతో ఊరు మారదు. గోదావరిఖని 2016 దాకా కరీంనగర్ జిల్లాలో, మంచిర్యాల ఆదిలాబాద్ జిల్లాలో ఉండె. ఆ ఏడు అక్టోబరులో రెండు ప్రాంతాలూ రామగుండం కమిషనరేట్ కిందికి వచ్చినయి. హద్దులు మారినంక పాత జిల్లా లెక్కతో కొత్త లెక్కను ఎట్ల తూస్తాం?

శిక్షల లెక్క చూపి 'అన్నీ దొంగ కేసులే' అనేవాళ్లు చుండూరును తలుచుకోవాలి. 1991 ఆగస్టు 6న అక్కడ 8 మంది దళితులను నరికి చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేస్తే, 2014లో హైకోర్టు ఆ శిక్షలు కొట్టేసింది. శిక్ష నిలవలేదని ఆ 8 మంది బతికొచ్చిండ్రా?

కేసులు పెరగడమూ ఎప్పుడూ చెడు కాదు. సంఘం నిలబడ్డ ఊళ్లో భయం తగ్గి కేసు పెరుగుతుంది.

అందుకే ప్రతి వాడకూ ఒక నోటుబుక్కు కావాలి. తేదీ, జాగా, జరిగింది, ఠాణాకు పోయిందీ లేనిదీ రాయాలి. కన్నది వేరు, విన్నది వేరు రాయాలి. ఒక్కటి కూడా పెంచి రాయొద్దు. ఆడబిడ్డల పేర్లు వాళ్లు ఒప్పుకోకుండా ఎక్కించొద్దు.

కేసు పెట్టదగిన నేరమని తెలిపితే ఎఫ్ఐఆర్ రాయాల్సిందేనని సుప్రీంకోర్టు 2013లో చెప్పింది. రాయకుంటే దరఖాస్తును పోస్టులో పై అధికారికి పంపండి. 1995 నిబంధనల ప్రకారం జిల్లా విజిలెన్స్ కమిటీ మూడు నెలలకోసారి కూర్చోవాలి. అక్కడ నాలుగు అంకెలు అడగండి: వచ్చిన దరఖాస్తులెన్ని, రాసిన ఎఫ్ఐఆర్లెన్ని, వేసిన చార్జిషీట్లెన్ని, పడిన శిక్షలెన్ని?

ఆ నాలుగింటి పక్కన మన నోటుబుక్కు పెట్టి చూద్దాం. అప్పుడు తేలుతుంది తగ్గిందేమిటో.

జై భీమ్.