ఏడుకీ ఏడుకీ తేడా లేదా?

మా వడ్డేపల్లి వైపు డిగ్రీ పిల్లల్ని అడగండి, "ఏడు పాయింట్లు" అంటారు. యూజీసీ 2015లో దేశమంతటికీ చెప్పిన పది పాయింట్ల లెక్కలో ఏడంటే బి ప్లస్, "గుడ్" అని అర్థం. సరే. కానీ ఆ ఏడు ఎలా వచ్చింది?

పొద్దున్నే విత్తన పత్తి చేలో క్రాసింగు పని చేసి, బస్సు పట్టుకుని గద్వాల కాలేజీకి పరుగెత్తే పిల్ల ఉందనుకోండి. ఇంగ్లీషు పాఠాలకి బెదిరి మొదటి సెమిస్టరులో 5 తెచ్చుకుంటుంది. పట్టుబట్టి 6, 7, 7, 8 దాటి ఆరోదానిలో 9 అందుకుంటుంది. 9తో మొదలెట్టి, సినిమాలు మరిగి, అవే మెట్లు దిగి 5కి చేరే పిల్లవాడూ ఉంటాడు. క్రెడిట్లు సమానమైతే ఇద్దరి సగటూ ఏడే! ఎక్కినమ్మా దిగినయ్యా ఒక్కటేనన్నమాట.

మార్కుల మెమోలు ఉన్నాయిగా అంటారు. ఎవరు తిరగేస్తారండీ? ఉద్యోగమిచ్చేవాడి కన్ను ఆ ఒక్క అంకె మీదే. దాని పక్కనే ఆరు సెమిస్టర్ల అంకెలూ వరసగా, అంతే పెద్ద అక్షరాల్లో అచ్చువెయ్యమనండి. కాయితం చాలకపోదులెండి.