మీట నొక్కేదెవరు?

బట్టలు ఉతికి, ఆరబెట్టి ఇచ్చే జంట యంత్రం కొంటే ఆడవాళ్ళకి ఇక చాకిరీ తప్పినట్టేనని వ్యాపార ప్రకటనలు ఊదరగొడుతున్నాయి. నిజమేనా?

ఇందులో ఉతికేదీ, ఆరబెట్టేదీ ఒకే డ్రమ్ము. 8 కిలోలు ఉతికే యంత్రం సాధారణంగా 5 కిలోల దాకానే ఆరబెడుతుంది. మిగతా తడిబట్టలు బయటికి తీయాలి. లోపలివి ఆరడానికి గంటలు పడుతుంది. అంతసేపూ రెండో వాయి ఉతకడం కుదరదు. వేడిగాలికి కరెంటు ఖర్చు. ఆవిరిని చల్లార్చడానికి చాలా యంత్రాల్లో నీళ్ళూ ఖర్చే. ఎండలకు కొదవలేని మన ప్రాంతంలో, డాబా మీదో పెరట్లోనో దండెం కట్టుకునే వీలున్నవాళ్ళకి మామూలు వాషింగ్ మెషీను చాలు. ఎండ రాని ఇరుకు ఫ్లాటులో ఉండే ఉద్యోగినికి ముసురు రోజుల్లో ఇది అక్కరకొస్తుంది. ఆమె కొనుక్కుంటే విలాసమని ఎవరూ దెప్పనక్కర్లేదు.

అయితే, మిగిలిన పని ఎవరిది? కేంద్ర ప్రభుత్వం 2024లో జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసే స్త్రీలు రోజుకు సగటున 289 నిమిషాలు, చేసే పురుషులు 88 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నారు. అసలు చేయని మగవాళ్ళు ఈ సగటులోకే రారు! విడిచిన బట్టలు ఏరడం, మీట నొక్కడం, సగం తీసి ఆరేయడం, మడతపెట్టడం యంత్రం చేయదు. ఇంట్లో మగవాళ్ళు ఆ పనుల్లో చెయ్యి పెట్టనంతకాలం ఎంత ఖరీదైన యంత్రం వచ్చినా చాకిరీ స్త్రీదే. కొనేముందు ధరతోపాటు పని పంపకం కూడా తేల్చుకుందాం.