తెప్పను సవరించు దినములు

శ్రీకాకుళము జిల్లా సముద్రతీరమునుండి పాఠక సోదరి యొకరు మాకు ఉత్తరము వ్రాసిరి. ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వఱకు తూర్పుతీరమున మోటారు పడవలకు వేట నిషేధము. ఆ 61 దినములును వారి ఫైబరు తెప్ప ఇసుకపైన నుండును. భర్తయు మఱదియు దానిని తమ చేతులతోనే సవరించుకొనదలచిరి. చీటీ పాడి తెచ్చిన సొమ్ము ఈమెవద్ద నున్నది. పెద్ద మోటారు కావలెనని మఱది. దీపములు, బ్యాటరీ, వలకు అరలు కావలెనని భర్త. “ఇంత సొమ్ము మరల నా చేతికి రాదు. ముందు దేనికి ఖర్చుపెట్టవలయునో చెప్పుడు” అని యామె యడిగినది.

ఈ పుటలలో తెప్ప సంగతి యేమని కొందఱు నవ్వవచ్చును. వేటవారి యిండ్లలో చేప నమ్మి డబ్బు తెచ్చునది స్త్రీ. అప్పు తీర్చునదియు నామెయే. కావున మేము దీనిని గృహవిషయముగనే యెంచినాము.

తాతలనాటి తెప్ప దుంగలను త్రాళ్లతో గట్టినది. నీరు త్రాగి బరువెక్కునే గాని మునుగదు. బోల్తాపడినను దానిని పట్టుకొని ప్రాణము దక్కించుకొనవచ్చును. ఇప్పటి ఫైబరు తెప్ప పుచ్చదు, వేగముగా నడచును. కాని గాజునారయు రెసినును నీటికంటె బరువైనవి. అది తేలుటయెల్ల లోపలి బోలు భాగమువలనను, అందు నింపిన నురుగుదిమ్మలవలనను జరుగుచున్నది. ఈ సంగతి తెలియక పైతట్టున ఎడాపెడా రంధ్రములు పొడుచువారు పెక్కుమంది. దీపస్తంభమునకొక రంధ్రము, కొక్కెమునకొకటి. ప్రతి రంధ్రమునుండియు ఉప్పునీరు కొంచెముకొంచెముగా దిగి నురుగును నానబెట్టును.

సోదరీ, దీనిని కనిపెట్టుటకు యంత్రమక్కఱలేదు. నిరుడు ఎనిమిదిమంది ఒడ్డునకు ఈడ్చిన తెప్పను ఈ యేడు పన్నెండుగురు ఈడ్చుచున్నారా? ఒడ్డున నిలిచి చూచు మీకే యది ముందు తెలియును. అట్లున్నచో మీ సొమ్ములో మొదటి భాగము దీనికే పోవలెను. పైతట్టును జాగ్రత్తగా కోసి, నానిన దిమ్మలు తీసివేసి, లోపల మంచినీటితో కడిగి, ఉప్పు లేకుండ బాగుగా నెండనిచ్చి, క్రొత్త నురుగు నింపవలెను. 100 లీటర్ల చోటు పట్టు నురుగు నీట మునిగినపుడు 90 కిలోలకు పైగా బరువును మోయగలదు. ఎంత నింపవలయునో దీనినిబట్టి మీరే లెక్క వేసికొనవచ్చును.

ఒక హెచ్చరిక. చౌకయని థర్మోకోలు దిమ్మపై సాధారణమైన పాలియెస్టరు రెసిను పూసినచో, నీటిలో పంచదారవలె అది కరగిపోవును. పైకి అంతయు చక్కగా నుండి లోపల గుల్లయగును. పాలియురెథేను నురుగు ఆ రెసినుకు కరగదు. థర్మోకోలే వాడవలసివచ్చినచో ఎపాక్సీ రెసిను కావలెను. దాని వెల యెక్కువ.

ఇక అతుకు వేయు పని. పగులు చుట్టును అరచేతి వెడల్పున పాత రంగు గీకి, గరుకుచేసి, తడి లేకుండ ఆరబెట్టినగాని అతుకు పట్టదు. పాలియెస్టరు రెసిను కిలోకు హార్డెనరు 10 మొదలు 20 గ్రాములు సరిపోవును. మన వేసవి యెండలో తక్కువయే మేలు. కోబాల్టు ద్రవము విడిగా వాడువారు దానిని ముందు రెసినులో పూర్తిగా కలిపి, తరువాతనే హార్డెనరు వేయవలెను. ఆ రెంటిని నేరుగా కలిపినచో అగ్గి పుట్టి ప్రేలును. హార్డెనరు చుక్క కంటబడిన చూపు పోవచ్చును. కనుక కంటి అద్దములు లేనిదే సీసా మూత తీయనీయకుడు. వంటింట, మంచినీళ్ల సీసాల సరసన వీనిని ఉంచనే కూడదు. మేమొక ఇంట గూటిలో నూనె సీసా ప్రక్కన హార్డెనరు సీసాను చూచి భయపడితిమి.

ఆకురాయి పట్టునపుడు లేచు గాజుధూళి ఊపిరితిత్తులకు చెఱుపు. ముక్కుకు తువాలు చుట్టుకొనిన చాలదు. తగిన మాస్కు కొనవలెను. ఆ పని చేసిన బట్టలను పిల్లల బట్టలతో కలిపి యుతుకకుడు. కంటికి గనబడని గాజునార వానికంటుకొని పసివాండ్ర యొంటిని దురద పెట్టును.

రెండవ ఖర్చు మంచుపెట్టెకు. ఇచ్చట మేము కొంచెము పక్షపాతము చూపుచున్నామని మఱదిగారు అనవచ్చును. అననిండు. మెత్తబడిన చేపకు బేరగాడు చెప్పిన ధరకే తలయొగ్గవలసినది మీరు గదా! పలుచని చెక్కతో పెట్టె చేసి, నాలుగువైపుల, అడుగున, మూతయందును రెండంగుళముల పాలియురెథేను నురుగు నమర్చి, లోపల ఫైబరు పూత వేయవలెను. మన వేడిలో కిలో చేపకు కిలో మంచు పెట్టుట మంచి లెక్క. 50 కిలోల చేపకు 50 కిలోల మంచు. అనగా పెట్టె బరువు గాక నూఱు కిలోలు! దానిని వెనుకవైపున గాక తెప్ప నడుమ, క్రిందుగా, కదలకుండ కట్టవలెను. కరగిన నీరు బయటికి పోవు గొట్టముండవలెను. ఆ గొట్టముకొఱకు తట్టుకు రంధ్రము పొడిచి, పై కథ మరల మొదలుపెట్టకుడు.

పెద్ద మోటారు విషయమున మాకు ఉత్సాహము లేదు. నీటిని చీల్చుకొని నడచు బరువైన తెప్పకు వేగము నాలుగవవంతు పెంచవలెనన్న శక్తి ఇంచుమించు రెట్టింపు కావలెను. ఆ ఖర్చు ఒకనాటిది కాదు, నూనె రూపమున ప్రతిదినమును వచ్చును. పైగా బరువంతయు వెనుక చేరి తెప్ప తోక నీటికి వంగును. మోటారు బిగించిన పలకయందు పగుళ్లున్నవేమో, బోల్టులు వదులైనవేమో చూచి, పాత మోటారునే బాగుచేయించుట మేలు. బోల్టులు తుప్పుపట్టని ఉక్కువి కొనుడు.

దీపము కావలసినదే, రాత్రి పెద్ద ఓడలకు చిన్న తెప్ప కనబడవలెను గదా. కాని బ్యాటరీని పెట్రోలు డబ్బాకు దూరముగా నుంచవలెను. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనది, అడుగున నిలుచును. చిన్న నిప్పురవ్వ చాలును. తేలుచొక్కాలు ఎందఱు పోదురో అన్ని కొనుడు. అవి యింట గూటమున వ్రేలాడుటకు కాదని మీవారికి మీరే చెప్పవలెను.

పని ముగిసిన పిమ్మట, జూన్ 14 గడువక మునుపే, అలలు లేని ఏటిముఖమున మోటారు లేకుండ తెప్పను దింపి పరీక్షింపుడు. మోటారు బరువుకు వెనుకను, మనుష్యుల బరువుకు వారు కూర్చుండు చోట్లను, మంచుపెట్టెలోను ఇసుకమూటలుంచి, ఎంతవఱకు మునుగునో చూచి, ప్రక్కన రంగుతో గీత గీయుడు. ఒక పూట అట్లే యుంచి, తరువాత మూటలు దింపి ఒడ్డున కీడ్చునపుడు, ఎందఱు పట్టుకొనిరో లెక్కపెట్టి మాకు వ్రాయుడు.