నెహెమ్యా చెవిన పడిన మొర



సంఘములో ఒక పని తలపెట్టినప్పుడు కాపరికైనను పెద్దలకైనను ఏకాగ్రత కావలెను. ప్రక్కచూపులు చూచుచు దున్నువాని సాలు వంకర పోవునని మన రైతు సహోదరులకు మేము చెప్పనక్కరలేదు. అందుకే మందిర నిర్మాణమను మాట వచ్చినప్పుడెల్ల మేము నెహెమ్యా గ్రంథము ఆరవ అధ్యాయము తీయువారము. సన్బల్లటు, గెషెము ఓనో మైదానమునకు రమ్మని నాలుగుసార్లు కబురంపిరి. నేను గొప్ప పనిలో ఉన్నాను, విడిచి రాలేనని నెహెమ్యా నాలుగుసార్లును అదే జవాబు పంపెను. యెరూషలేము ప్రాకారము 52 దినములలో ముగిసెను.

అయిదవ అధ్యాయము మీద మాత్రము మేమెన్నడును ప్రసంగించియుండలేదు.

మేము మునుపు పరిచర్య చేసిన గ్రామములో పెంకుల మందిరము వానకు కారుచుండెను. స్లాబు వేయుటకు సంఘము తీర్మానించినది. ఇక మాకు పగలు రాత్రి సిమెంటు, ఇనుము, సెంట్రింగు మేస్త్రీ, ఇదే ధ్యాస. ప్రతి ఆదివారము ఆరాధన చివర కానుక ఇచ్చినవారి పేర్లు, మొత్తములు చదివెడివారము. పేరు రానివారు తల వంచుకొని కూర్చుండిరేమో మేము చూడలేదు. మా కన్నులు కాగితము మీదనే ఉండెను.

కూలికి వెళ్లి బ్రతుకు ఒక విధవరాలు 2,000 రూపాయలు ఇచ్చినది. పేరు చదువగానే అందరు స్తోత్రమనిరి. రెండు కాసులు వేసిన విధవరాలితో ఆమెను పోల్చి మేము నాలుగు మాటలు కూడ చెప్పితిమి. తరువాత ఆమె మందిరమునకు రాలేదు. అది కనిపెట్టినది మేము కాదు, మా యింటివారు.

"ఏమండీ, ఆ అమ్మ మూడు వారాల నుంచి రావట్లేదు, చూశారా?"

"ముందు స్లాబు పని కానీ, తరువాత చూద్దాం" అంటిమి.

చివరకు ఆమెయే వెళ్లి తెలిసికొని వచ్చినది. ఆ 2,000 మూడు రూపాయల వడ్డీకి తెచ్చినవట. ఇచ్చినది మన సంఘపు పెద్దయే. వడ్డీ కట్టలేక, ఆయన ఎదుట పడలేక ఆ విధవరాలు మందిరము మానుకొనినది. ఆ పెద్ద ఇచ్చిన 10,000 మేము అందరికంటె ముందుగా చదివియుంటిమి.

ఆ రాత్రి అయిదవ అధ్యాయము తెరచితిమి. ప్రాకారపు పని జరుగుచుండగనే జనులు, వారి భార్యలు మొఱపెట్టుచున్నారు. కరవులో ధాన్యము కొరకు పొలములు, ద్రాక్షతోటలు, ఇండ్లు కుదువబెట్టిరి. రాజు పన్ను కట్టుటకు అప్పు చేసిరి. పిల్లలను దాస్యమునకు అప్పగించిరి. అప్పిచ్చినది అన్యులు కారు, స్వజనులే. సన్బల్లటు పిలిచినప్పుడు కదలని ఆ మనిషి ఈ మొర వినగానే మిక్కిలి కోపపడి, తనలో తాను ఆలోచించుకొని, ప్రధానులను గద్దించి, పెద్ద సమాజమునే కూర్చెను. తానును, తన వారును అప్పిచ్చినవారమేనని అందరి యెదుట ఒప్పుకొనెను. పొలములతోపాటు, తీసికొనుచున్న నూరవ భాగము కూడ తిరిగి ఇచ్చివేయుడనెను. అది నెలసరి వడ్డీయని పలువురు వ్యాఖ్యాతలు చెప్పుదురు. అనగా మన ఊళ్ల లెక్కలో రూపాయి వడ్డీ! మన మూడు రూపాయలు చూచినయెడల నెహెమ్యా ఏమనెడివాడో.

నాలుగవ అధ్యాయములో మరియొక మనిషి ఉన్నాడు. పనివారు గోడ కట్టుచుండగా బాకా ఊదువాడు నెహెమ్యా ప్రక్కనే నిలుచుండెను. ఎంత పనిలో మునిగినను ఆ శబ్దము వినబడునంత దగ్గరగా నెహెమ్యా అతని నుంచుకొనెను. మాకును అట్టి మనిషి మా ఇంటిలోనే ఉండెను. బాకా ఊదెను కూడ. స్లాబు తరువాత అని మేమే చెప్పితిమి.

మరునాడు ఆ పెద్ద యింటికి వెళ్లితిమి. "అయ్యగారూ, వ్యాపారం వేరు, మందిరం వేరు" అని ఆయన ముఖము త్రిప్పుకొనెను. పేర్లు చదివి ఆమెను అప్పులోనికి నెట్టినది మేమే, తప్పు మొదట మాది అని చెప్పి వచ్చితిమి. పది దినములకు ఆయనే వచ్చి వడ్డీ వద్దనెను. అసలు మాత్రము విడువలేదు. కమిటీతో మాట్లాడి ఆమె కానుక ఆమెకు తిరిగి ఇచ్చి, ఆ అప్పు తీర్పించితిమి. తీసికొనుటకు ఆమె ఎంతో సిగ్గుపడినది, మేము అంతకంటె ఎక్కువ.

పేర్లు చదువుట మానితిమి. దానివలన కానుకలు తగ్గినవని కొందరు సణిగిరి. అది నిజమే. స్లాబు ఒక సంవత్సరము వెనుకబడినది. ఆ వానకాలము కూడ పెంకుల క్రింద బకెట్లు పెట్టుకొనియే ఆరాధించితిమి. తలుపు ప్రక్కన, తడవని మూలను చూచి ఆ విధవరాలు తన చాప వేసికొనెడిది.