వనభోజనాలు – నీటిలోని చిన్న ప్రాణులు



కార్తిక వనభోజనాలకు చెన్నైనుండి వేడంతాంగల్ వెళ్ళే తెలుగు కుటుంబాలవారికి ఒక మనవి. అక్కడ పక్షులను చూచినంత శ్రద్ధగా నీటిలోని చిన్న ప్రాణులనుకూడ పిల్లలకు చూపించవలసినది. పక్షుల విషయం చెప్పడానికి బోర్డులున్నవి, దుర్భిణీలున్నవి. పురుగుల పక్షాన మాట్లాడేవారే లేరు.

మొన్నటి కార్తికంలో మా నాలుగు కుటుంబాలవారం వెళ్ళాము. (ఉసిరిచెట్టు దొరకక వేపనీడతోనే సరిపెట్టుకొన్నాము.) పక్షుల చెరువులో ఎవరూ చేయి పెట్టరాదు గనుక, దాని వెలుపల పొలంకాలువ ప్రక్కన నిలిచిన వాననీటి మడుగు దగ్గర పిల్లలను కూర్చోబెట్టాము. సామగ్రి ఒక తెల్లని పింగాణి పళ్ళెం, టీ వడపోసే జల్లెడ, ఒక భూతద్దం. అంతే. నాలుగుసార్లు జల్లెడ ముంచేసరికి వెల్లకిల ఈదే పురుగు, తోకవంటి గొట్టం పైకెత్తి గాలి పీల్చే పురుగు, వీపునిండ గుడ్లు మోస్తున్న నల్లివంటి పురుగు దొరికినవి. ఆ గుడ్లు మోసేది తల్లి కాదు, తండ్రి అని చెప్పగా ఆడవారందరు నవ్వారు. తూనీగ పిల్లను చూస్తే అది తూనీగ అవుతుందని ఎవరు నమ్ముతారు? రెక్కలుండవు. అడుగున నక్కి, ముడిచిపెట్టుకొన్న క్రింది పెదవిని చేయివలె ముందుకు విసిరి దోమపిల్లలను పట్టి తింటుంది. పెరిగినాక ఒకనాడు గడ్డికాడ ప్రాకి, వీపు పగిలి రెక్కలతో బయటపడుతుంది.

మా పిల్లలు దానిని 'తుంబి' అన్నారు. తూనీగ అన్న మాట తెలిసినవాడు ఒక్కడే. అరవమాట వచ్చినందుకు నాకు చింత లేదు. తెలుగుమాట వినే సందర్భమే వారికి కలుగలేదు. ఇటువంటి మాటలు వాచకాలలోకంటె మడుగు ఒడ్డునే త్వరగా వస్తవి.

ఇంకొక సంగతి. దోమలు పోవాలంటే చెరువులో గంబూషియా చేపలను వదలవలెనని మా వీధివారు కొందరు అంటున్నారు. ఆ అమెరికా చేప 1928లో ఇటలీనుండి మన దేశానికి తేబడినది. అది దోమపిల్లలతోపాటు కప్పపిల్లలను, తూనీగ పిల్లలనుకూడ తింటుంది. అనగా దోమల శత్రువులనే మ్రింగుతున్నది. డెంగీ దోమ పుట్టేది ఎక్కువగా మన ఇంటి మూతలేని తొట్లలో, పాత టైర్లలో గదా! వాటిని వదలి చెరువుమీద పడడం ఏమి న్యాయం?

రానున్న కార్తికంలో హౌసీ ఆట కేటాయించే గంటలో అరగంట దీనికి ఇవ్వవలెనని, చూచిన ప్రాణులను తిరిగి ఆ నీటిలోనే విడిచిపెట్టించవలెనని, విస్తళ్ళు మడుగులలో వేయనీయరాదని తెలుగు సంఘాల కార్యదర్శులను కోరుచున్నాను.

మాంబలం, చెన్నై.
— ఒక పాఠకుడు