రీలుకు పద్దెనిమిది వేలు, ప్రాణానికి సున్నా



ఆడలేక మద్దెల ఓడు అన్నాడట వెనకటికి ఒకడు. ఇప్పుడు మన గంజాం తీరంలో చేప పడకపోతే గాలం కర్రదే తప్పు అంటున్నారు. బడి వదలగానే మా తరగతి మగపిల్లలు మామిడిచెట్టు కింద చేరతారు. మాటలన్నీ ఒకటే. "దీంట్లో పది బేరింగులున్నాయిరా", "ఇది అసలు కార్బన్ కర్ర", "ఒక్కసారి విసిరితే వంద మీటర్లు పోతుంది". ఫోన్‌లో రీలు చూడడం, చేతికి రీలు కొనమని ఇంట్లో ఏడవడం. వీళ్లలో సగం మందికి గాలానికి తంగూసు సరిగ్గా ముడి వెయ్యడం రాదు. నేనీ వ్యాసం కోపంతోనే రాస్తున్నాను. అయితే ఆ కోపం ముందు మా ఇంటి మీద, తరువాతే వాళ్ల మీద.

మాది గోపాల్‌పూర్ దగ్గర ఊరు. మా అయ్య వేటకు వెళతాడు, అమ్మ ఎండుచేపలు అమ్ముతుంది. మా అన్న గంజాం కుర్రాళ్లందరిలాగే సూరత్ వెళ్లి మగ్గాల మిల్లులో పని చేశాడు. ఠాకురాణి యాత్రకు ఇంటికి వచ్చి, మిల్లులో పని తగ్గిందని కొన్నాళ్లు ఉండిపోయాడు. ఆ ఖాళీలో ఒక మంచి కర్ర, రీలు వాయిదాల మీద తెప్పించాడు. నెలకు 1,500 చొప్పున 12 నెలలు. మొత్తం 18,000 రూపాయలు. "ఒడ్డున నిలబడి పండుగప్పలు పడతాను, మూడు నెలల్లో డబ్బు తిరిగొస్తుంది" అన్నాడు. నాలుగో వాయిదా కట్టేసరికి రీలు గరగరలాడింది. ఐదో వాయిదాకు తిరగడమే మానేసింది. కంపెనీని అనడానికి లేదు. ఉప్పునీటిలో వాడి, మంచినీటితో కడగకుండా మూలన పడేసింది మేమే. మిగిలిన వాయిదాలు ఎవరు కట్టారో తెలుసా? మా అమ్మ ఎండుచేపల బుట్ట కట్టింది.

ఇక అసలు సంగతి. అదే రోజుల్లో ఒక సాయంత్రం ఉన్నట్టుండి గాలి లేచింది. అయ్యా వాళ్ల పడవ రావలసిన వేళకు రాలేదు. అమ్మ, నేను ఇసుకలో నిలబడ్డాం. పడవలో అయిదుగురు. అయిదుగురిలో ఒక్కరికీ లైఫ్ జాకెట్ లేదు. రాత్రి పదింటికి పడవ ఒడ్డుకు చేరింది. అమ్మ ఏమీ అనలేదు. ఇంటికొచ్చి గోడకు ఆనించిన కర్రను తీసి అటక మీద పెట్టింది. లైఫ్ జాకెట్ రెండు వేల లోపే దొరుకుతుంది. అంటే మా ఇంట్లో పద్దెనిమిది వేల రీలు ఉంది, రెండు వేల జాకెట్ లేదు. ఇది మా ఒక్కరి కథే అయితే నేను రాసేదాన్ని కాదు.

"అయితే కొత్త సామాను వద్దంటావా? తాతల్లా తెప్ప మీదే పొమ్మంటావా?" అని మీరు అడగవచ్చు. కాదు. మనవాళ్లు ఎప్పుడూ కొత్తదానికి భయపడలేదు. నూలు వలలు పోయి నైలాన్ వలలు వచ్చాయి. నూలు వలను ఎండబెట్టుకోవాలి, లేకపోతే కుళ్లిపోతుంది. నైలాన్‌కు ఆ బాధ లేదు, అందుకే తీసుకున్నారు. దుంగలు తాడుతో కట్టిన తెప్పలు తగ్గి ఇంజను పెట్టిన ఫైబర్ పడవలు వచ్చాయి. తెడ్డు వేసే భుజాల నొప్పి తగ్గింది, దూరం వెళ్లగలిగారు. అక్కడ ముందు అవసరం పుట్టింది, తరువాత సామాను వచ్చింది. ఇప్పుడు ముందు సామాను వస్తోంది, తరువాత దానికో అవసరం వెతుక్కుంటున్నాం.

ఖరీదైన రీలులో అసలు ఏముందో కూడా చూద్దాం, తెలియకుండా తిట్టకూడదు కదా. రీళ్లకు పేరుపడ్డ జపాన్ కంపెనీ షిమానో 1921లో మొదలై, తొలుత సైకిల్ ఫ్రీవీల్ తయారు చేసింది. సైకిల్ గేరు తెలిసినవాళ్లకు రీలు కూడా తెలిసినట్టే. 5:1 అని రాసి ఉంటే పిడి ఒకసారి తిప్పితే తంగూసు చుట్టే భాగం అయిదుసార్లు తిరుగుతుందని అర్థం. బేరింగులు ఎక్కువైతే మెత్తగా తిరుగుతుంది. డ్రాగ్ అనే మర, పెద్ద చేప గుంజినప్పుడు తంగూసు తెగకుండా కొంచెం కొంచెం వదులుతుంది. ధర పెరిగేకొద్దీ బరువు తగ్గుతుంది, నీరు దూరకుండా మూతలు బిగుతుగా ఉంటాయి. ఇవన్నీ నిజమే. రోజంతా విసిరేవాడికి పనికొస్తాయి. ఆదివారం గంటసేపు విసిరేవాడికి ఏమి పని?

మా అయ్య చేతి గాలంతో వంజరం పడతాడు. కర్ర లేదు, రీలు లేదు. చెక్కకు చుట్టిన తంగూసు, ఒక గాలం, చేపముక్క ఎర. చేప గుంజితే ఎంత వదలాలో, ఎప్పుడు బిగించాలో ఆయన వేళ్లకు తెలుసు. డ్రాగ్ చేసేది కూడా ఆ పనే. ఆ వేళ్ల విద్యను అన్న ఒక్కరోజు కూడా అడిగి నేర్చుకోలేదు. పోటు ఎప్పుడు, పాటు ఎప్పుడు, ఋషికుల్య నీరు బురదగా ఉన్నప్పుడు చేప ఎటు పోతుంది, ఇవేవీ పెట్టెలో పెట్టి అమ్మరు. పెట్టెలో వచ్చిందానికి వాయిదాలు కట్టాం, ఇంట్లో ఊరికే దొరికేదాన్ని వదిలేశాం.

ఇంకొక ప్రమాదం ఉంది, కుర్రాళ్లు చెవినబెట్టి వినాలి. కార్బన్ కర్ర తేలిక, కానీ కరెంటును పోనిస్తుంది. కరెంటు తీగల కింద దాన్ని నిలబెట్టి నడిచినా, కాలబైశాఖి ఉరుములప్పుడు ఒడ్డున ఎత్తి పట్టుకున్నా ప్రాణానికే ముప్పు. వీడియోల్లో దూరం చూపిస్తారు, ఈ సంగతి చూపించరు.

"నా డబ్బు, నా సరదా" అనేవాళ్లు ఉన్నారు. ఉద్యోగం చేసి, ఇంట్లో అందరికీ కావలసినవి అమర్చి, మిగిలిన డబ్బుతో కొనుక్కుంటే నాకేమీ అభ్యంతరం లేదు. సరదా తప్పు కాదు. కానీ అప్పు చేసి పప్పుకూడు తినడం సరదా కాదు. పక్కవాడి కర్ర చూసి మన కర్ర చిన్నబోయిందనుకోవడం అంతకంటే కాదు. ఇంకొకరి చెమటతో వాయిదా కడుతూ నా డబ్బు అనడం మరీ తప్పు.

పూరీ ఒడ్డున తెల్లటి కోసుటోపీలు పెట్టుకుని స్నానాలకు దిగే యాత్రికులను కాపాడే నోలియాలను మీరు చూసే ఉంటారు. వాళ్లలో చాలామంది మన తెలుగువాళ్లే. ఊరందరి ప్రాణాలు కాపాడే జాతికి సొంత ప్రాణం మీద ఇంత అశ్రద్ధా? 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను ఇక్కడే, గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. ఇళ్లు పోయాయి, పడవలు పోయాయి, వలలు పోయాయి. హెచ్చరిక విని ముందే కదిలినవాళ్ల ప్రాణాలు మిగిలాయి. ఆ రోజు మనల్ని కాపాడింది ఖరీదైన సామాను కాదు, వేళకు విన్న మాట.

కాబట్టి నా మాట ఇది. తల్లిదండ్రులారా, పిల్లవాడు కర్ర అడిగితే ముందు ఇంట్లో వేటకు వెళ్లేవాళ్ల జాకెట్లు లెక్కపెట్టమనండి. అవి సరిపోయాక మాట్లాడదాం. తమ్ముళ్లారా, మామూలు ఫైబర్ కర్రతోనే మొదలుపెట్టండి. అది కాస్త బరువే గానీ దెబ్బలకు ఓర్చుకుంటుంది. గాలం మొన అరిగితే మార్చండి, తంగూసు గరుకెక్కితే తీసెయ్యండి. ఇంటికి రాగానే రీలును మంచినీటితో మెల్లగా కడిగి నీడన ఆరబెట్టండి. ముడులు మీ అయ్యలను, తాతలను అడిగి నేర్చుకోండి. గురువులారా, వాతావరణశాఖ మత్స్యకారులకు ఇచ్చే హెచ్చరికను రోజూ ప్రార్థన వేళ చదివించండి. మాలో చాలామంది సాయంత్రం ఇంటికి వెళ్లి ఆ మాట చెప్పగలం.

వాయిదాలు అయిపోయాయి. అమ్మ ఇప్పుడు మళ్లీ నెలకు కొంత దాస్తోంది. మొదటి జాకెట్ వచ్చింది. అయ్య దాన్ని వేసుకోవడానికి సిగ్గుపడుతున్నాడు, "ఉక్కగా ఉంది" అంటున్నాడు. ఆ సిగ్గు పోగొట్టే పూచీ నాదీ, అన్నదీ. అన్న మళ్లీ సూరత్ వెళ్లాడు. పోయిన వారం ఫోన్ చేసి, "ఇంకా నలుగురికి కావాలి కదూ?" అని అడిగాడు. రీలు మాట ఎత్తలేదు.

పదో తరగతి విద్యార్థిని